ఒక తెలుగు పేరు – వేల ఉల్లేఖనములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను రైల్వేలో గుమాస్తాను. చదివినది మెట్రిక్యులేషను. శాస్త్రజ్ఞుని గురించి మాట్లాడడానికి నీకేమి అర్హత అని మీరు అడగవచ్చును. నేను చెప్పబోయే శాస్త్రజ్ఞుడు ఆ మెట్రిక్యులేషనునే మూడవ పర్యాయము గాని గట్టెక్కలేదు. ఆయనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895 జనవరి 12న భీమవరములో జన్మించారు. రాజమండ్రిలో చదువు సాగక, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మెట్రిక్ ప్యాసయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియైనారు, ఎం.బి.బి.ఎస్. రాక ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ అండతోను అమెరికా వెళ్ళారు. నాయకరుగారు రంగూనుకు వలసపోయి ధనమార్జించినవారు. ఒక వలస తెలుగువాని కష్టార్జితము మరొక తెలుగువానికి దారిబత్తెము కావడము మనబోటివారు మరువరాని సంగతి.

అక్కడ హార్వర్డు వైద్య విద్యాలయములో సైరస్ ఫిస్కె అనే ఆచార్యునివద్ద పనిచేశారు. 1925లో వారిద్దరి పేర్లతో ఒక వ్యాసము వెలువడింది. మొత్తము 26 పుటలు. రక్తములోను, మూత్రములోను ఫాస్ఫరసు ఎంత ఉన్నదో కనిపెట్టే పద్ధతి అందులో వివరించారు. రక్తములోని మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవములో ఆమ్లముతోపాటు మాలిబ్డేటు కలిపి, దానికి మరొక ద్రవ్యము చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరసు ఎంత ఎక్కువైతే నీలము అంత చిక్కన. పరిమాణము తెలిసిన మరొక నీలముతో దీనిని పోల్చి లెక్క కట్టవచ్చును. ఇంతే! కాని ఇది సులభము, నమ్మదగినది. కొద్దిపాటి రక్తము చాలును.

ఇక ఉల్లేఖనము సంగతి. మా ఆఫీసులో జాబు వ్రాస్తే పైన “ఫలానా తేదీగల ఫలానా నెంబరు జాబు చూడుడు” అని వ్రాస్తాము. ఆ ఆధారము లేనిదే కాగితము కదలదు. శాస్త్రజ్ఞులదీ అదే ఆచారము. ఎవరి పద్ధతిని వాడుకుంటే వారి పేరు వ్యాసములో చెప్పి తీరాలి. దానినే సైటేషను అంటారు. అది దయాధర్మము కాదు, ఋణము తీర్చుకోవడము. ఫాస్ఫరసు కొలవవలసిన ప్రతి ప్రయోగశాలకు ఈ పద్ధతి కావలసి వచ్చింది. కాబట్టి దేశదేశాల శాస్త్రజ్ఞులు “ఫిస్కె–సుబ్బారావు పద్ధతి” అని వ్రాస్తూ వచ్చారు. 1960 తరువాత ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డు అనే ఆయన ఉల్లేఖనములను లెక్కకట్టే సూచికను ఆరంభించగా, ఈ వ్యాసమును పేర్కొన్నవారు వేల సంఖ్యలో తేలారు. అత్యధికముగా ఉల్లేఖింపబడిన వ్యాసముల పట్టికలలో దీనికి చోటు దక్కింది. ఆ లెక్క చూసుకోవడానికి సుబ్బారావుగారు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసులో, న్యూయార్కులో కన్నుమూశారు.

అయితే అంకె చూసి మురిసిపోయి ఊరుకోరాదు. ఆ పద్ధతి చేతబట్టుకొనే వారిద్దరు 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని ప్రకటించారు. ఏ.టి.పి.ని అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడ విడిగా కనుగొన్నారు. మనము చేయి ఎత్తినా, అడుగు వేసినా ఖర్చయ్యే శక్తి ఆ పదార్థములోనిది. అంత గొప్ప విషయమును చెప్పిన చిన్న వ్యాసము, ఉల్లేఖనములలో కొలపద్ధతి వ్యాసము దరిదాపులకు రాదు! బడిపుస్తకమునకు ఎక్కిన సత్యమును ఎవరు కనిపెట్టారని ఎవరూ అడగరు గదా.

హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము దక్కక, 1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్ళి పరిశోధనలకు నాయకత్వము వహించారు. ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసింది. దానికి విరోధియైన అమినోప్టెరిన్‌ను బోస్టనులో డాక్టరు ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేటును క్యాన్సరుకు, కీళ్ళవాతమునకు నేటికీ వాడుతున్నారు. 1947లో ఆ బృందమే వెల్లడించిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందు. గోదావరి సీమలోను, మన ఒడిశా తీరములోను ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. ఆ మాత్ర మింగిన రైతు ఏ వ్యాసమూ వ్రాయడు, ఎవరి పేరూ ఉల్లేఖించడు. ఆ మేలు ఏ పట్టికకూ ఎక్కదు.

తల్లిదండ్రులారా! పరీక్షాఫలితాలు వచ్చిన నాడు మన ఇండ్లలో అంకెలదే రాజ్యము. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ తడబడే పిల్లవానిని ఒక అంకెతో కొలిచి, ఇక వీడింతే అని తీర్పు చెప్పకండి. రెండుసార్లు తప్పిన భీమవరము కుర్రవానికి మూడవసారి పరీక్ష రుసుము కట్టినవారు లేకపోతే, ఈ వేల ఉల్లేఖనములూ లేవు, ఆ మందులూ లేవు.

మన పిల్లలకు ఆయన పేరు చెప్పండి. పరాయిదేశపు వారు వేలసార్లు వ్రాసిన పేరును మన ఇంటిలో ఒక్కసారైనా పలకకపోతే వెలితి మనదే.