సింట్రా తోటలో సోమనాథ శిల
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆమధ్య లిస్బన్‌లో మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాను. అక్కడికి రైల్లో నలభై నిమిషాల దూరంలో సింట్రా అనే కొండ ఊరుంది. రాజభవనాలకూ, తోటలకూ ప్రసిద్ధి. యునెస్కోవారు 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

కొండకొమ్మున పెనా భవనం. 1755 భూకంపంలో దెబ్బతిన్న పాత మఠాన్ని రెండవ మరియా రాణి భర్త ఫెర్డినాండ్ 1838లో కొని, ఈ భవనం కట్టించాడు. ఒకవైపు పసుపు, మరొకవైపు ఎరుపు. పెళ్ళిపందిరిలా ఉందన్నది మా ఆవిడ. నాకు మాత్రం తోట నచ్చింది. బోడికొండ మీద దేశదేశాల చెట్లు తెప్పించి నాటించాడు. ఆ రోజుల్లో ఖర్చు రాజుది, ఈనాడు నీడ టికెట్టు కొన్న ప్రతివాడిదీ!

అయితే నేను వెళ్ళింది వేరే పని మీద. మొన్సెరాట్ తోటకు పోయే దారిలో పెన్యా వెర్దె అనే ఎస్టేటుంది. గోవాలో 1548లో మరణించిన పోర్చుగీసు వైస్రాయి జువావ్ ద కాస్త్రోది. ఆ తోటలో సోమనాథ్ నుండి తెచ్చిన సంస్కృత శాసనం ఉన్నట్టు, బ్యూలర్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా మొదటి సంపుటంలో పాఠంతో సహా ప్రకటించాడు. బయలుదేరేముందు లైబ్రరీలో చదివాను. వాఘేలా రాజు సారంగదేవుని కాలపు శాసనం, 1287 నాటిది. త్రిపురాంతకుడనే పాశుపత యతి కేదారం, ప్రయాగ, మన శ్రీపర్వతం, రామేశ్వరం తిరిగి సోమనాథ్ చేరి, అయిదు గుళ్ళు కట్టించాడు. పూజకు పూలు, నైవేద్యానికి సరుకులు ఎవరెవరు ఇవ్వాలో అందులో రాయించాడు. అచ్చం మన ఆఫీసు ఉత్తర్వే!

ఎస్టేటు ప్రైవేటువారిది. గేటు వేసి ఉంది. గోడ పక్కన పావుగంట నిలబడి వచ్చేశాను.

రికార్డు గదిలో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి. అసలు దస్తావేజు పరాయిచోట ఉంటే, కనీసం ధ్రువీకరించిన నకలు సొంత ఫైల్లో ఉండాలి. కనుక ఆ శాసనం అచ్చుప్రతిని సోమనాథ్‌లోనూ, శ్రీశైలంలోనూ యాత్రికుల కంటబడేచోట తెలుగు తాత్పర్యంతో పెట్టమని పురావస్తు శాఖకు వినతిపత్రం తయారుచేశాను. బల్లమీద ఉంది. భోజనాలకు లేచేముందు చదివి, నచ్చితే సంతకం చేయండి. సెలవు.