ఫీజు కట్టేముందు అనుమతి చూడండి
(అమలాపురంలో జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. ఆ డబ్బు చేతికొచ్చాక ఎటు పోతుందో నేను చెబుతాను. మనలో చాలామంది దాన్ని పిల్లల చదువులకే ఇస్తున్నాం.

నేను గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసు రిజిస్టర్లలో ఎందరి సర్టిఫికెట్లో సరిచూశాను. మా ఇంట్లో మాత్రం చూడలేదు. 2008లో మా రెండోవాణ్ణి వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో దూరవిద్య డిగ్రీకి చేర్పించాను. కేంద్రమంటే మేడమీద ఒక గది, గుమ్మానికి పెద్ద బోర్డు. బోర్డు చూసి, గ్రాట్యుటీలో మిగిలిన సొమ్ము కట్టేశాను. 2013లో ప్రమోషను వేళకు ఆ పట్టా చెల్లలేదు. తన రాష్ట్రం వెలుపల కేంద్రం నడిపే అధికారం ఆ విశ్వవిద్యాలయానికి లేదన్నారు. వాడి వెనక చేరినవాడు పైకి వెళ్లాడు. మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

తరవాత విషయం తెలుసుకున్నాను. కోటిపల్లి రేవు పాడుకున్నవాడు సఖినేటిపల్లి రేవులో డబ్బులు వసూలు చేస్తానంటే మనం ఒప్పుకుంటామా? ఇదీ అంతే. ఒక రాష్ట్రం చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయానికి ఆ రాష్ట్రమే హద్దు. ఛత్తీస్‌గఢ్ 2002 చట్టం కింద వెలసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల మీద ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో, 2005 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అంటే నేను డబ్బు కట్టడానికి మూడేళ్ల ముందే తీర్పు ఉంది. నేనే చూసుకోలేదు.

దూరవిద్యే మంచిది కాదని నా మాట కాదు. 1982లో మన సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. 1991లో దానికి డాక్టర్ అంబేడ్కర్ గారి పేరు వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ అక్కడ డిగ్రీ తెచ్చుకున్నవారు ఈ సభలోనూ ఉంటారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక అది కూడా పొరుగు రాష్ట్రంలో పడింది. హద్దు ఎప్పుడు ఎవరికి అడ్డొస్తుందో చెప్పలేం.

ఇప్పుడు ఆన్‌లైన్ చదువులు వచ్చాయి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం దూరవిద్యకు రాష్ట్రపు హద్దు ఉంది, ఆన్‌లైన్‌కు లేదు. రాజోలులో కూర్చుని వేరే రాష్ట్రపు డిగ్రీ చదవవచ్చు. అనుమతి ఉన్న చదువైతే ఆ పట్టా మామూలు పట్టాతో సమానమేనని 2022లో యూజీసీ ప్రకటించింది. కాని రేవు హద్దు పోయినా పడవకు లైసెన్సు ఉండాలి కదా. విశ్వవిద్యాలయానికి పేరుంటే చాలదు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి అనుమతి ఉండాలి.

కాబట్టి మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులోని జాబితాలో విశ్వవిద్యాలయం, కోర్సు, సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో పిల్లలచేత చూపించుకోండి. రెండు, ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం డిగ్రీలు ఇంట్లో కూర్చోబెట్టి ఇప్పిస్తామంటే నమ్మకండి. అవి నిషేధించినవి. మూడు, మధ్యవర్తి చేతికి డబ్బు ఇవ్వకండి. విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టి రసీదు దాచండి.

ఈమధ్య మా మనవరాలు ఆన్‌లైన్ ఎంబీఏ చేస్తానంది. “తాతగారూ, ఫీజుకు గడువు రేపే” అంది. “గడువు సంగతి తరవాత, ముందు జాబితా చూపించమ్మా” అన్నాను. పక్కన మా రెండోవాడు కూర్చున్నాడు. వాడే కంప్యూటరు దగ్గరకు లాక్కుని, ఒక్కో పేరూ చదివి వినిపించాడు. కోర్సు దొరికాకే బ్యాంకుకు వెళ్లాం.