సొంతూరి ఇల్లు, వెంట వచ్చిన రెండు కుక్కలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను అమెరికా అనుభవాల మీద మాట్లాడమన్నారు. అవి మీ పిల్లలు రోజూ ఫోన్లో చెబుతూనే ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కార్యదర్శిగారిని బతిమాలి విషయం మార్చుకున్నాను. విదేశీ పాస్‌పోర్టు పెట్టుకుని, సొంతూళ్లో ఇల్లు ఉంచుకుని, పెంపుడు కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చి ఉండటం గురించి మాట్లాడతాను. నవ్వండి, పరవాలేదు. ఈ సభలో ఊళ్లో తాళం వేసిన ఇల్లున్నవాళ్లు కనీసం ముప్పై మంది కనిపిస్తున్నారు నాకు.

పద్నాలుగు నెలలుగా నన్ను చూస్తూనే ఉన్నారు. పొద్దున్నే వైనతేయ గట్టు మీద రెండు బొచ్చు కుక్కలతో నడుస్తుంటాను. ఒకటి షీట్జూ, పేరు లడ్డూ. ఇంకోటి మాల్టీస్, పేరు చిట్టి. రెండూ కలిపి తొమ్మిది కేజీలుండవు. మొదటి వారంలో ఒక పెద్దాయన ఆగి, వాటిని తేరిపార చూసి, "ఆయ్, ఇవింక పెరగవాండీ?" అన్నారు. పెరగవండీ అన్నాను. "మరి కాపలాకి ఏం పనికొస్తాయండీ?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. అవి మా ఆవిడ పెంచినవి. ఆవిడ పోయాక మిగిలింది నేనూ, అవీ. వాటిని అక్కడెవరికో ఇచ్చేసి నేనొక్కణ్ణీ ఇక్కడికొచ్చి అరుగు మీద కూర్చోవడం నావల్ల కాలేదు.

ముందు ఇంటి సంగతి. మనలో చాలామంది ఓసీఐ కార్డుని రెండో పౌరసత్వం అనుకుంటారు. అది పౌరసత్వం కాదు. 2006 జనవరిలో హైదరాబాదులో ప్రవాసీ భారతీయ దివస్ జరిగినప్పుడు ఆ పథకం మొదలైంది. దానితో జీవితాంతం ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు లేదు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్ హౌస్ కొనే హక్కూ లేదు. ఊళ్లో డాబా కొనుక్కోవచ్చు, అమలాపురంలో ఫ్లాటు కొనుక్కోవచ్చు. కొబ్బరితోట మాత్రం కొనకూడదు. భారత పౌరుడిగానే ఉండి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్నవాళ్లకి కూడా ఫెమా చట్టం ప్రకారం ఇదే నియమం. ఇక్కడ నివాసం ఉన్న రోజుల్లో కొన్నదీ, వారసత్వంగా వచ్చిందీ ఉంచుకోవచ్చు. దాన్ని అమ్మదలిస్తే ఇక్కడ ఉండే భారత పౌరుడికే అమ్మాలి.

కోనసీమలో ఇది పెద్ద చిక్కు. మనకి ఇల్లు ఎక్కడ అయిపోతుందో, తోట ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పగలవాడెవడు? పెరట్లో పది చెట్లుంటాయి, వాటి వెనక బోదె, బోదె అవతల మళ్లీ మన చెట్లే. గ్రామకంఠంలో ఉన్న ఇల్లు ఒక సంగతి, తోట మధ్యలో కట్టుకున్న ఇల్లు ఇంకో సంగతి. తోటలో ముచ్చటగా ఒక ఇల్లు కట్టుకుని రిటైరయ్యాక వచ్చి ఉంటాం అనుకునేవాళ్లు సిమెంటు కొనకముందే లాయరు దగ్గరికి వెళ్లండి.

పెద్దలకి ఇక్కడొక మాట చెప్పాలి, ఇవాళ నేను చెప్పే వాటిలో అన్నిటికన్నా అవసరమైనది ఇదే. విదేశంలో ఉన్న కొడుక్కో కూతురికో తోట ఇవ్వాలనుకుంటే, ప్రేమకొద్దీ బతికుండగానే గిఫ్టు డీడు రాయకండి. వ్యవసాయ భూమిని వాళ్లు దానంగా తీసుకోవడానికి వీల్లేదు. వీలునామా ద్వారా, వారసత్వంగా రావచ్చు. నా బ్యాచ్‌వాడే ఒకడి తండ్రి తోట గిఫ్టు రాస్తానని పట్టుబట్టి కూర్చున్నారు. మేమంతా కూర్చుని నచ్చజెప్పేసరికి రెండు సంక్రాంతులు గడిచాయి. చివరికి రిజిస్టర్డ్ వీలునామా రాశారు. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయారు.

పాత మండువా ఇళ్లకి ఇంకో తంటా. గ్రామకంఠంలోని ఇళ్లకి చాలావాటికి దస్తావేజే ఉండదు. తాతగారి పేరున ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, అంతే. 2020 ఏప్రిల్‌లో కేంద్రం స్వామిత్వ పథకం తెచ్చి, డ్రోన్లతో గ్రామాల్లోని నివాస స్థలాలను కొలిచి కార్డులివ్వడం మొదలుపెట్టింది. కొలిచేవాళ్లు వచ్చినప్పుడు ఇంటి దగ్గర మనిషి లేకపోతే హద్దులు చెప్పేది పక్కింటివాళ్లే. పక్కింటివాళ్లు మంచివాళ్లే అయినా వాళ్లకి మన హద్దు గుర్తుండకపోవచ్చు కదా.

మన జిల్లాలో పరదేశం డబ్బుతో ఊళ్లో ఇల్లు కట్టడం కొత్తేమీ కాదు. మన ముత్తాతల కాలంలో రంగం వెళ్లినవాళ్లున్నారు. రంగం అంటే రంగూన్ అని చిన్నపిల్లలకి చెప్పాలి. అక్కడి సంపాదనతో కట్టిన మేడలూ, బర్మా టేకు స్తంభాలూ ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. 1942లో జపాను బాంబులకి వాళ్లు అన్నీ వదిలి, అడవుల్లో నడిచి కూడా తిరిగొచ్చారు. రావడానికి ఒక ఇల్లుంది గనకే వచ్చారు.

ఇక కుక్కలు. లండన్‌లో మా తమ్ముడి పక్కింటి దంపతులకి ఫ్రాన్సులో ఒక పల్లెటూరి ఇల్లుంది. కుక్కని కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని సముద్రం కింది సొరంగంలోంచి వెళ్లిపోతారు. 2000 సంవత్సరం దాకా ఇంగ్లండులోకి కుక్క రావాలంటే ఆరు నెలలు క్వారంటైన్‌లో పెట్టేవారు. ఇప్పుడు చిప్పు, టీకా, వెళ్లేటప్పుడు ఆరోగ్య పత్రం, తిరిగొచ్చే ముందు ఒకటి నుంచి ఐదు రోజుల్లోపు బద్దెపురుగు మందు, అంతే. కాని ఆ దంపతులు మాత్రం ఏ 180 రోజుల్లోనూ 90 రోజులకు మించి అక్కడ ఉండకూడదు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక ఆ లెక్క పడింది. అక్కడ కుక్క ఎన్నిసార్లయినా వెళ్తుంది, మనిషికే గడువు. మనకి సరిగ్గా తలకిందులు. ఓసీఐ ఉన్న మనిషికి జీవితాంతం తలుపు తెరిచే ఉంటుంది. కుక్కకి మాత్రం ఏటా సెలవులకి వచ్చి పోయే దారి లేదు.

2013 నుంచి ఉన్న కస్టమ్స్ పద్ధతి ప్రకారం, రెండేళ్లు వరసగా విదేశంలో ఉండి, నివాసం మార్చుకుని వచ్చేవాళ్లే పెంపుడు జంతువుల్ని సామానుగా తెచ్చుకోవచ్చు, అదీ మనిషికి రెండు. సంక్రాంతికి మూడు వారాలు వచ్చి పోదాం, కుక్కని కూడా పట్టుకెళదాం అంటే కుదరదు. ఈ మాట మీ పిల్లలకి టిక్కెట్లు కొనకముందే చెప్పండి.

వచ్చేటప్పుడు చేయాల్సినవి మరీ కష్టం కాదు. మైక్రోచిప్పు ఉండాలి. రేబిస్ టీకా వేయించి 30 రోజులు దాటాలి, ఏడాది దాటకూడదు. అక్కడి ప్రభుత్వ పశువైద్యాధికారి ముద్రవేసిన ఆరోగ్య పత్రం కావాలి. అన్నిటికన్నా ముందు, మన కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద ఉండే జంతు క్వారంటైన్ కేంద్రం నుంచి అభ్యంతరం లేదనే పత్రం తెప్పించుకోవాలి. ఆ కేంద్రాలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నాయి. నేను హైదరాబాదులో దిగాను. కాగితాలు చూశారు, చిప్పు నెంబరు సరిచూశారు, కుక్కల్ని చూశారు, పంపించారు. షీట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి విమానంలో ఊపిరి కష్టం. చాలా విమాన సంస్థలు వాటిని సామాను అరలో వేసుకోవు, వేసవిలో అసలే వేసుకోవు. అందుకే డిసెంబరులో బయల్దేరాను. హైదరాబాదు నుంచి రాత్రంతా కారులో వచ్చాం. చించినాడ వంతెన మీదికి వచ్చేసరికి తెల్లవారింది. అద్దం దించితే గోదావరి గాలికి లడ్డూ ముక్కు పైకెత్తి అలాగే ఉండిపోయింది.

ఇక్కడ బతకడం వాటికి వేరే చదువు. మొదటిది గోమార్లు, కొందరు పిడుదులంటారు. తోటలో ఒక్క పూట తిరిగితే చెవుల్లో, వేళ్ల సందుల్లో పట్టేస్తాయి. వాటివల్ల వచ్చే జ్వరం చిన్న కుక్కల్ని వారంలో పడేస్తుంది. నెలనెలా మందు వేస్తాను, రోజూ సాయంత్రం దువ్వుతూ వెతుకుతాను. బొచ్చు పొట్టిగా కత్తిరించేశాను. రెండోది పాములు. ఎలుకల కోసం రక్తపింజరి కొబ్బరి మట్టల కుప్పలో చేరుతుంది, కుక్క అక్కడే ముక్కు పెడుతుంది. పెరట్లో మట్టలు పోగెయ్యడం మానిపించాను. తోట చూసే అబ్బాయి మొదట్లో విసుక్కున్నాడుగాని ఇప్పుడు తన ఇంటి దగ్గర కూడా తీసేశాడు. దింపు తీసే రోజు కుక్కల్ని గదిలో పెడతాను. మూడు కేజీల చిట్టి మీద కాయ పడితే చెప్పేదేముంది. ప్రభల తీర్థం రోజు బాణసంచాకి రెండూ మంచం కింద దూరి మర్నాటిదాకా రాలేదు.

వరద సంగతి మీకు నేను చెప్పాలా. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మనలో చాలామంది గట్టు మీద పడుకున్నవాళ్లమే. 2022 జులైలో 25 లక్షలు దాటింది. కాజ్‌వే మునిగితే పడవ తప్ప దిక్కులేదు. అందుకే అటక మీద ఒక వెదురు బుట్ట సిద్ధంగా ఉంచాను. అందులో వాటి మందులు, టీకా కాగితాలు ప్లాస్టిక్ సంచీలో చుట్టి పెట్టాను. కాగితం తడిస్తే కుక్క ఏ దేశానికీ చెందకుండా పోతుంది.

కాగితం అన్నాను గనక, తిరిగి వెళ్లే సంగతి. మా అమ్మాయి నన్ను వచ్చేయమంటోంది, దానికి రెండో బిడ్డ పుట్టబోతోంది. నేను వెళ్లాలంటే ఇవీ వెళ్లాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అమెరికావాళ్లు మనల్ని పెట్టారు. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. అక్కడ టీకా వేయించిన కుక్క అయితే, దేశం వదలకముందే వాళ్ల వ్యవసాయ శాఖ చేత ఒక ధ్రువపత్రం మీద ముద్ర వేయించుకోవాలి. విమానం ఎక్కాక అది దొరకదు. మా డాక్టరమ్మ ముందే చెప్పి చేయించింది. ఆ టీకా గడువు ఉన్నంతకాలం ఆ పత్రంతో వెళ్లొచ్చు. గడువు దాటితే ఇక్కడి కుక్కతో సమానం. ఇక్కడ టీకా, ప్రభుత్వ పశువైద్యుడి ధ్రువీకరణ, రక్తం తీసి వాళ్లు ఒప్పుకున్న ప్రయోగశాలకి పంపడం, అమెరికా చేరడానికి కనీసం 28 రోజుల ముందు ఆ రక్తం తీసి ఉండటం, కొన్ని విమానాశ్రయాల్లోనే ఉండే ప్రత్యేక కేంద్రంలో ముందుగా చోటు తీసుకోవడం. రక్తపరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్, మన ఖర్చుతో. ఇంగ్లండు వెళ్లేవాళ్లకి ఇంకా కష్టం, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి.

లడ్డూకి పదకొండేళ్లు, చిట్టికి తొమ్మిది. టీకా గడువు వచ్చే అక్టోబరుదాకా ఉంది. ఆలోపు నేను తేల్చుకోవాలి. అమ్మాయి రోజూ అడుగుతుంది, రోజూ రేపు చెబుతానంటాను. ఒక్కటి మాత్రం నిజం. కుక్కలు లేకపోతే నేను కూడా మీ అందరిలాగే మూడు వారాలు వచ్చి, తాళం తీసి, బూజు దులిపి, మళ్లీ తాళం వేసి వెళ్లిపోయేవాణ్ణి. వీటిని తెచ్చాను గనక ఉండాల్సివచ్చింది. ఉన్నాను గనక పైకప్పు పెంకులు మారాయి, బావి పూడిక తీయించాను, మా నాన్న పేరున ఉన్న పన్ను నా పేరుకి మారింది, పక్కింటి హద్దు తగాదా టీ తాగుతూ తేలిపోయింది.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవానికి బడి ముందు ఆర్చి కట్టాలని తీర్మానం అయింది, కట్టండి, నా వంతు ఇస్తాను. దాంతోపాటు ఇంకో చిన్న ఖర్చు నేనొక్కణ్ణే పెట్టుకుంటాను, కాదనకండి. మన ఊరి వీధి కుక్కలన్నిటికీ రేబిస్ టీకా వేయిద్దాం. ఈ బడికి వచ్చే పిల్లలు రోజూ వాటి మధ్యనుంచే నడిచి వస్తున్నారు. పశువైద్యులుగారు ఒప్పుకున్నారు. వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున్న ఏడింటికి, బడి వెనక మైదానంలో. మీ గుమ్మం ముందు పడుకునేది మీది కాదని వదిలేయకుండా పట్టుకురండి. గొలుసు లేకపోతే కొబ్బరితాడు చాలు.