విశ్వవిద్యాలయం గడపలో మన పిల్లలు



విశ్వవిద్యాలయాలు, స్టార్టప్‌ల గురించి హాస్టల్ వాళ్లు ఏం మాట్లాడతారని కొందరు అడిగారు. డిగ్రీ పరీక్షలు ముగిసి పెట్టె సర్దుకొని పోయే పిల్లను గేటు దాకా సాగనంపేది మేమే. ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేస్తుందన్నది మా దిగులు కూడా.

తిరుపతికి 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ వచ్చాయి. మహిళా విశ్వవిద్యాలయంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ సహకారంతో ఇంక్యుబేటర్ నడుస్తోంది. ఇంక్యుబేటర్ అంటే గుడ్లు పొదిగే పెట్టె కదా అని మా పిల్లలు నవ్వారు. పని అలాంటిదే. ఒక ఆలోచనతో వచ్చినవాళ్లకు కూర్చునే చోటు, ప్రయోగశాల, దారి చెప్పే గురువు, రిజిస్ట్రేషన్లకు సాయం, పెట్టుబడి పెట్టేవాళ్ల పరిచయం ఇలాంటి కేంద్రాల్లో దొరుకుతాయి. నిధి-ప్రయాస్ అనే కేంద్ర పథకం కింద, దాన్ని నడిపే ఇంక్యుబేటర్ల ద్వారా, నమూనా తయారీకి 10 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తారు. అది అప్పు కాదు.

అప్పు మాట వింటేనే మనవాళ్లకు గుండె దడ. అడ్వాన్సు తీసుకొని తోటల్లో, బట్టీల్లో కుటుంబాలకు కుటుంబాలే కట్టుబడిపోయిన రోజులు మనకు తెలుసు. 1976 చట్టం వెట్టిని రద్దు చేసింది గానీ ఆ భయాన్ని తీసెయ్యలేదు.

రెండేళ్ల కిందట బీఎస్సీ చదివే యానాది అమ్మాయి ఒకరు ఊరి నుంచి తేనె తెచ్చింది. అది ఏ పూల తేనో రుచి చూసి చెప్పేది. పట్టు మొత్తం కోయకూడదని తాత నేర్పాడంది. "నీకు వ్యాపారం చేతిలోనే ఉంది కదమ్మా" అన్నాం. "అది మా నాయన పని మేడం, వ్యాపారం కాదు" అంది. ఒక బ్యాంకుకు తీసుకెళ్తే పూచీ ఎవరన్నారు. తిరిగొచ్చేశాం. ఇదే ఊళ్లో ఇంక్యుబేటర్ ఉందని అప్పటికి మాకే తెలియదు. ఆ తప్పు మాది. ఇప్పుడా అమ్మాయి ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తోంది. ఆ కష్టాన్ని తక్కువ చెయ్యం. కానీ వాళ్ల నాయన తేనె ఇప్పటికీ దళారి చెప్పిన రేటుకే పోతోంది.

ఇంకో మాట. మనవాళ్ల అడవి తెలివితో వేరేవాళ్లు కంపెనీ పెడితే మన వాటా ఏది? కేరళలో కాణి తెగవాళ్లు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి అక్కడి వృక్ష పరిశోధన సంస్థ 'జీవని' మందు తయారుచేసింది. దాన్ని కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చే సొమ్ములో సగం కాణీలకు ఇవ్వాలని నిర్ణయించారు. 1997లో వాళ్ల ట్రస్టు రిజిస్టర్ అయింది. తర్వాత చిక్కులు వచ్చినా, వాటా అడగొచ్చని దేశానికి తెలిసింది. 2002 జీవవైవిధ్య చట్టం కూడా ఆ హక్కును గుర్తించింది.

అందుకే విశ్వవిద్యాలయాల పెద్దలకు మా మనవి. ఏడాదికి ఒక్కసారైనా గిరిజన హాస్టళ్లకు రండి. తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు స్లైడ్లు చూసి కాక, పిల్ల చేతిలోని వస్తువు చూసి ఎంచండి. నెలనెలా భృతి ఇచ్చే ఫెలోషిప్‌లలో మన పిల్లలకు చోటివ్వండి. ఒకసారి నష్టం వస్తే తట్టుకునే ఇళ్లు కావు మావి.

తల్లిదండ్రులకు ఒక మాట. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, మూడింటిలో పేరు ఒకేలా ఉండేట్టు ఇప్పుడే చూసుకోండి. అక్షరం తేడాతో ఆగిపోయిన దరఖాస్తులు మేం చాలా చూశాం.

మా వంతుగా, ఈ ఏడాది ఆఖరి సంవత్సరం పిల్లలను బ్యాంకు కంటే ముందు ఇంక్యుబేటర్‌కు తీసుకెళ్తాం. ఆ తేనె అమ్మాయికి కూడా కబురు పంపాం. వస్తానంది.

జై ఆదివాసీ.