గాలికొండ – మన కుళాయి నీళ్ళు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అరకు విహారయాత్రకు ముందు గాలికొండ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విశాఖలో కాపురముంటున్న మనకు అది చూసి వచ్చేసే కొండ మాత్రమే కాదని నా మనవి.

అనంతగిరి ఘాటులో బస్సు ఆగితే దిగి ఫోటోలు తీయించుకుంటాం. "ఇదంతా నేషనల్ పార్కు, ఎవరూ ముట్టుకోరు" అని మనలో చాలామంది అనుకుంటారు. కాదండీ. 2008లో జాతీయ ఉద్యానవనమైనవి గోదావరి ఒడ్డున ఉన్న పాపికొండలు. గాలికొండకు గాని, పాడేరు వైపు 1600 మీటర్లు దాటిన శిఖరాలకు గాని ఆ రక్షణ లేదు.

గాలికొండ నెత్తిన ఉన్న ఎర్రరాతిలో బాక్సైటు ఉంది. అల్యూమినియం తీసేది దాని నుంచే. ఆ రాయికి సన్నని రంధ్రాలుంటాయి. వానాకాలంలో నీటిని పీల్చుకుని, ఎండాకాలం దాకా ఊటలుగా కొంచెం కొంచెం వదులుతుంది. గిరిజనుల పొలాలకు ఆ ఊటలే ఆధారం. ఈ అనంతగిరి కొండల్లోనే గోస్తని, శారద నదులు పుట్టాయి. గోస్తని మీద తాటిపూడి, శారద మీద రైవాడ జలాశయాలున్నాయి. విశాఖ నగరానికి ఆ రెండింటి నుంచీ నీళ్ళు వస్తాయి. కొండ తల తవ్వితే ఊట దెబ్బతింటుంది.

మరి ఇన్నాళ్ళూ కాపాడినదేమిటి? ఒకటి, గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరుల పాలు కాకుండా ఆపే 1/70 చట్టం. రెండు, 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అక్కడి భూములను ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదన్నది. మూడు, గిరిజనుల పట్టుదల. 2015లో చింతపల్లి వైపు బాక్సైటు తవ్వకాలకు వెలువడిన ఉత్తర్వు వారి ఆందోళన తర్వాత 2019లో రద్దయింది.

"రిటైరయ్యాం కదా, అరకులో ఎవరి పేరునైనా నాలుగు సెంట్లు కొనుక్కుంటే?" అని నన్ను అడిగిన మిత్రులున్నారు. వారికి నేను చెప్పేది ఒక్కటే. మన నీళ్ళను కాపాడుతున్న చట్టానికి మనమే దొంగదారి వెతకడం న్యాయం కాదు. చల్లగాలి పీల్చుకుందాం. కాఫీపొడి, పసుపు గిరిజనుల దగ్గరే బేరమాడకుండా కొందాం. స్థలం మాత్రం వారిదిగానే ఉండనిద్దాం.