కంచె తీగ మీద వాలిన ఆ పెద్ద ఈగ ఏది? ఫోటో చూసి నేను చేసిన పొరపాటు

ఈ ఎపిసోడ్ మొదట్లోనే ఒకరికి సారీ చెప్పాలి. ఆ తర్వాతే విషయంలోకి వెళ్దాం.

మూడు వారాల కింద నల్గొండ వైపు నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. "అన్నా, మా బర్రెల కొట్టం పక్కన కంచె తీగ మీద ఇది వాలింది. ఇంత పెద్ద ఈగను నేనెప్పుడూ చూడలే. మా బర్రె రెండు రోజుల నుంచి మేత సరిగ్గ తింటలేదు. ఇదేమన్న కుట్టిందంటవా?" అని అడిగాడు. నేనప్పుడు మెట్రోలో నిలబడి ఉన్నాను. ఫోటో పైనుంచి తీసింది, కాస్త బ్లర్‌గా ఉంది. పెద్ద ఈగ, పక్కనే బర్రె. ఇంకేముంటుంది, జోరీగే అనుకున్నాను. ఒక యాప్‌లో వేసి చూస్తే అదీ జోరీగే అంది. రెండు నిమిషాల్లో రిప్లై కొట్టేశాను: "జోరీగ తమ్ముడూ. సర్రా జబ్బు అంటిస్తుంది, జాగ్రత్త."

ఆ మెసేజ్ చూసి వాళ్ల నాన్నగారు సాయంత్రానికల్లా పురుగుమందు తెచ్చి కంచె పొడుగునా కొట్టారు. ఆ కంచె వెంబడి పెరిగిన గడ్డే వాళ్ల బర్రెలకు మేత. మందు పడిన గడ్డి వెయ్యలేరు కదా, వారం రోజులు పచ్చిగడ్డి కొనుక్కొచ్చారు. ఈ సంగతి అతను తర్వాత మామూలుగానే చెప్పాడు, ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

అప్పుడే ఇంకో మూడు ఫోటోలు పంపాడు. అన్నీ మొదటి రోజు తీసినవే. "ఇవి కూడా ఉన్నయన్నా, నువ్వు అడగలేదని పంపలే" అన్నాడు. నిజమే, నేను అడగలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక్క స్క్రీన్‌షాట్ పెట్టి "పని చేయట్లేదు" అని టికెట్ వేసేవాళ్ల మీద ఎంత విసుక్కునేవాణ్నో. లాగ్స్ లేకుండా ఏం చెప్పమంటారు అని వాదించేవాణ్ని. ఇక్కడ నేనే ఒక్క ఫోటోతో టికెట్ క్లోజ్ చేసేశాను.

సరే, ఆ ఫోటోలు స్క్రీన్ మీద పెడుతున్నాను, చూడండి.

మొదట పక్క నుంచి తీసింది. అసలు ఇది ఈగేనా అన్నది తేల్చుకోవాలి. తేనెటీగకి, కందిరీగకి నాలుగు రెక్కలు. ఈగకి రెండే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట గుండ్రటి కొనతో రెండు చిన్న పుల్లలు ఉంటాయి. వాటిని హాల్టర్లు అంటారు. ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం, మన ఫోన్‌లో జైరోస్కోప్ లాగా. ఇదిగో, రెక్క మొదట్లో ఆ పుల్ల కనిపిస్తోంది. కాబట్టి ఈగే, అంతవరకు నేను తప్పు చెప్పలేదు.

రెండోది ముఖం. ఈ ఫోటో ముందే చూసుంటే ఈ ఎపిసోడే ఉండేది కాదు. రెండు కళ్ల మధ్య, నెత్తి మీద గుంట చూడండి, జీను లాగా లోపలికి వంగి ఉంది. దాని కింద ముఖమ్మీద గుబురుగా వెంట్రుకలు. దీన్ని మిస్టాక్స్ అంటారు, గ్రీకులో మీసం అనే అర్థం. ఆ మీసం కింద సూదిలా గట్టి నోరు ముందుకి పొడుచుకొచ్చి ఉంది. కళ్ల మధ్య గుంట, మీసం, సూది నోరు, ఈ మూడూ కలిసి కనిపిస్తే అది రాబర్ ఫ్లై. ఆసిలిడే అనే కుటుంబం, ప్రపంచంలో 7,000కి పైగా జాతులున్నాయి. జోరీగ టబానిడే కుటుంబం. దానికి తల వెడల్పు, కళ్లే తలంతా ఆక్రమిస్తాయి, నెత్తి మీద గుంట ఉండదు, ఇలాంటి మీసమూ ఉండదు. పొట్ట కూడా వెడల్పుగా, బలిసినట్టు ఉంటుంది. మన ఫోటోలో పొట్ట చూడండి, పొడుగ్గా తోక వైపు సన్నబడుతూ పోయింది.

ఇక మూడో ఫోటోలో అది కాళ్లతో ఏదో పట్టుకుని ఉంది. రాబర్ ఫ్లై పనే అది. కొమ్మ మీదో తీగ మీదో కూర్చుని కాపు కాస్తుంది, ఎగిరే పురుగు కనబడగానే గాల్లోనే పట్టుకుంటుంది. నోరు గుచ్చి లాలాజలం ఎక్కిస్తుంది. దాంతో పురుగు కదలకుండా అయిపోతుంది, లోపలి భాగమంతా కరిగి ద్రవమైపోతుంది, ఇది తాగేస్తుంది. బర్రె రక్తంతో దీనికి పని లేదు. చేత్తో పట్టుకుంటే మాత్రం గట్టిగా కుడుతుంది, పట్టుకోకండి. మరి ఆ కాళ్లలో ఉన్నది జోరీగేనా? అయితే కథ భలే ఉండేది. కానీ నాకు ఒక రెక్క ముక్క, ఒక కాలు మాత్రమే కనిపిస్తున్నాయి. తేనెటీగ కూడా కావచ్చు, వాటినీ తింటాయి ఇవి. కాబట్టి చెప్పను.

జాతి పేరు అడుగుతారని తెలుసు. అదీ చెప్పను. మన దేశంలో మైక్రోస్టైలమ్ అనే ప్రజాతిలో బాగా పెద్దవి ఉన్నాయి, చాలామంది ఆ పేరే ఊహిస్తారు. కానీ ఫోటోలో పక్కన కొలత లేదు. పైగా రాబర్ ఫ్లైల్లో చాలావాటి జాతి తేల్చాలంటే మగ ఈగ జననాంగాలను మైక్రోస్కోప్ కింద చూడాలి. కుటుంబం దగ్గరే ఆగుతాను.

సర్రా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే భయపెట్టింది నేనే. జబ్బు నిజమే. గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు 1880లో అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో ఆ పరాన్నజీవిని కనిపెట్టాడు. అందుకే దానికి ట్రిపనోసోమా ఎవాన్సీ అని పేరు. ఆడ జోరీగ చర్మాన్ని కోసి రక్తం తాగుతుంది. ఆ నొప్పికి పశువు తోక విసురుతుంది, ఈగ లేచి పక్క పశువు మీద వాలుతుంది. నోటికంటిన రక్తంతో పాటే జబ్బూ వెళ్తుంది. కానీ బర్రెకి అది ఉందో లేదో చెప్పేది రక్త పరీక్ష, కంచె మీది ఈగ కాదు. పశువుల డాక్టర్ గారు వచ్చి రక్తం తీసి చూశారట, అందులో సర్రా క్రిములు కనిపించలేదు. అజీర్తి అన్నారు, మందిచ్చారు. ఇప్పుడు బాగానే తింటోంది.

ఇకనుంచి ఫోటో పంపేవాళ్లు పైనుంచి, పక్కనుంచి, ముఖం ఎదురుగా, మూడూ పంపండి. వీలైతే దగ్గర్లో ఒక రూపాయి బిళ్ల పెట్టండి. ఊరు, నెల రాయండి. నేను కూడా మెట్రోలో రిప్లై ఇవ్వను.

నిన్న ఆ తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నగారు అడగమన్నారట, "మరి మందు కొట్టినం కదా, అవన్నీ పోయినట్లేనా?" అని. మందు తగిలినవి పోయే ఉంటాయి అన్నాను. వీటి పిల్లపురుగులు మట్టిలో, కుళ్లిన చెక్కలో పెరుగుతాయి, అక్కడున్నవి ఏమన్నా మిగిలితే మళ్లీ రావచ్చు. కంచె మీద కనిపిస్తే ఫోటో తీసి పంపమన్నాను. ఈసారి ముఖం కూడా.