విద్యార్థివేతనములు - మన విద్యానిధి

(మహాసభ రెండవనాడు ఓడలరేవున చేసిన యుపన్యాస పాఠము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు మేము కొంత జంకితిమి. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత రామశబ్దము వల్లె వేయించిన మాబోటి పంతులు సభలో నిలువబడి రూపాయల లెక్క చెప్పబూనుట వినువారికి నవ్వు పుట్టించును. అయినను నేడు మేము చెప్పదలచినది ముఖ్యముగా రూపాయల లెక్కయే. ఓపికతో వినవలసినదిగా ప్రార్థించుచున్నాము.

మనము సమావేశమైన యీ గ్రామము వైనతేయ నది సముద్రమున గలియు చోట నున్నది. వినతాసుతుడైన గరుత్మంతుడు తల్లి దాస్యము మాన్పుటకై అమృతభాండము తెచ్చెనని పురాణప్రసిద్ధము. ఈ కథను మేము తరగతిలో ఎన్ని మారులు చెప్పితిమో లెక్కలేదు. ఆతనికి దారిఖర్చు లెవరిచ్చిరని ఏ పిల్లవాడును మమ్మడుగలేదు. గరుడునకు రెక్కలుండెను. మన పిల్లలకు బస్సు ఛార్జీ కావలయును, హాస్టలు సొమ్ము కావలయును, పుస్తకములు కావలయును.

పేరున ఓడలరేవైనను నేడు రేవున గనబడునవి మన వేటపడవలే. 1997లో వెలసిన ఇంజనీరింగు కళాశాల యొకటి ఊరిలోనే గలదు. చమురు సహజవాయు సంస్థ, అనగా ఓఎన్‌జీసీ వారి తీరకేంద్రమును గలదు. సముద్రగర్భమున దీసిన వాయువు గొట్టముల గుండ ఇచ్చటికి వచ్చి శుద్ధియై దేశముమీదికి పోవుచున్నది. ఆ సంస్థవారి ఫౌండేషను, ఇటీవలి నిబంధనలను బట్టి, ఇంజనీరింగు, వైద్యము, ఎంబీయే, భూగర్భశాస్త్రము మొదలగు చదువులలో మొదటి సంవత్సరమున చేరిన పేద విద్యార్థులకు తలకు ఏడాదికి 48,000 రూపాయల చొప్పున ప్రతిభా విద్యార్థివేతనము లిచ్చుచున్నది. మొత్తము 2,000 వేతనములలో 500 వెనుకబడిన తరగతుల వారివి. సగము ఆడుపిల్లలకు కేటాయింపబడినవి. ఆ కేంద్రపు గోడవెంట ప్రతిదినము బడికి నడచు మన పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలియును? నిన్న భోజనపంక్తిలో మేము పదుగురు తండ్రుల నడిగితిమి. ఒక్కరికిని తెలియదు. వారిననుటయేల, పదవీవిరమణ చేసిన పిదపగాని మాకే తెలిసినది కాదు.

కేంద్రప్రభుత్వము 2008లో నెలకొల్పిన పరీక్ష మరియొకటి గలదు. పిల్లలు దానిని ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అందురు. సర్కారు బడులలోను, స్థానికసంస్థల బడులలోను, ఎయిడెడు బడులలోను ఎనిమిదవ తరగతి చదువుచు, తలిదండ్రుల ఆదాయము ఏటికి మూడున్నర లక్షలు మించనివారు దానికి కూర్చుండవచ్చును. గెలిచినవారికి తొమ్మిది మొదలు ఇంటరు ముగియువరకు నెలకు వేయి, ఏడాదికి 12,000, నాలుగేండ్లకు 48,000 రూపాయలు. దేశమంతటికి ఏటేట లక్ష వేతనములు. ఇది బడిపిల్లల సంగతి, కళాశాల ప్రసంగమున దీని పనియేమని కొందరనవచ్చును. అది పొరపాటు. మన తీరమున ఆడుపిల్ల కళాశాలకు పోవునో, రొయ్యల కంపెనీ బస్సు ఎక్కునో పదవ తరగతి ముగియకమునుపే ఇంట నిశ్చయమగుచున్నది. ఆ నిశ్చయమును కొంచెము వాయిదా వేయించునది ఈ నెలకు వేయి రూపాయలే.

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. మేము విరమించుటకు మూడేండ్లు ముందు మా బడిలో చదివిన బాలిక యొకతె ఈ పరీక్షలో గెలిచినది. తండ్రి పడవమీద కలాసి. తల్లి చేపల గంప నెత్తిన బెట్టుకొని అమలాపురము దారిన ఊరూర అమ్మునది. ఆ పిల్ల తెల్లవారకమున్నే లేచి ఎండుచేపలు ఎండకు పరచి బడికి వచ్చెడిది. ఆమె పేరు బడి రిజిస్టరులో నొకరీతి, ఆధారు కార్డులో నొకరీతి నుండెను. ఇంటిపేరు ముందు వెనుకలైనది, నడుమ నొక యక్షరము తప్పిపోయినది. అంతమాత్రమే. ఆ దోషమును మేము చూచితిమి. వ్యాకరణము చెప్పు పంతులమైయుండియు, సంక్రాంతి పోయినపిదప దిద్దింతములే యని ఊరకుంటిమి. పండుగ వెళ్లునప్పటికి గడువు దాటినది. దరఖాస్తు త్రిప్పివేయబడినది. ఆ సంగతి చెప్పుటకు మేము తీరమునకు పోయినప్పుడు తండ్రి వల అల్లుచుండెను. తల ఎత్తకుండగనే, "పోన్లెండి మేష్టారూ, మనకి రాసి లేదు" అనెను. వ్రాసియే యున్నది. తప్పుగా వ్రాయబడియున్నది. ఆ మాట ఆతనితో అనుటకు మాకు నోరాడలేదు.

మా చదువులో యోగక్షేమమను పదము గలదు. లోకమున దానిని కుశలప్రశ్నకు వాడుదురు. పెద్దలు విడదీసి చెప్పిన యర్థము వేరు. లేనిదానిని పొందుట యోగము, పొందినదానిని నిలుపుకొనుట క్షేమము. పరీక్షలో గెలుచుట యోగమే. క్షేమము మాట ఎవరు చూచుచున్నారు? ఈ వేతనము ఏటేట మరల దరఖాస్తు పెట్టినగాని నిలువదు. పదవ తరగతిలో నూటికి 60 మార్కులు రాకున్న అంతటితో ఆగిపోవును. బ్యాంకు ఖాతా ఆధారుతో ముడిపడకున్న సొమ్ము వచ్చిన దారినే మరలిపోవును. బుద్ధిలేక చెడిన పిల్లలను మేము కొందరినే చూచితిమి. కాగితము లేక చెడినవారిని లెక్కపెట్టలేము.

ఇక కళాశాల. రాష్ట్రమున 2008 మొదలు ప్రభుత్వమే బోధనారుసుము చెల్లించు పద్ధతి నడచుచున్నది. ప్రభుత్వములు మారినప్పుడెల్ల దాని పేరు మారినది. సొమ్ము ఒకప్పుడు తల్లి ఖాతాకు, మరియొకప్పుడు కళాశాల ఖాతాకు పోయినది. పద్ధతి మాత్రము నిలిచినది. అగ్నికులక్షత్రియులమగు మనము వెనుకబడిన తరగతులలో 'ఏ' వర్గమువారము గనుక, ఆదాయము రెండున్నర లక్షల లోపున్న ఇంటి బిడ్డ దీనికి అర్హుడు. నూటికి 75 హాజరుండవలయును. ఇది గాక కేంద్రప్రభుత్వము ఇంటరు బోర్డు పరీక్షలో నూటికి ఎనుబదిమందిని మించి పైన నిలిచినవారికి ఏటా 82,000 వేతనము లిచ్చుచున్నది. డిగ్రీ చదువునకు ఏడాదికి 12,000, ఆ పై చదువునకు 20,000. అందు సగము ఆడుపిల్లలవి. కాని ఇందొక చిక్కు గలదు, చాలమంది ఎరుగరు. రాష్ట్రపు రుసుము పొందువారు కేంద్రపు వేతనమును పొందరాదు. కావున మొదటనే కాగితముమీద లెక్కవేసికొని యొకదానిని ఎన్నుకొనవలయును. రుసుము స్వల్పమైన సర్కారు డిగ్రీ కళాశాలలో చేరువానికి కేంద్రపు 12,000 మేలు. రుసుము పెద్దదైన ఇంజనీరింగు కళాశాలలో చేరువానికి రాష్ట్రపుది మేలు. ఇక ఐఐటీల వంటి పేరుగాంచిన సంస్థలలో స్థానము గెలిచిన వెనుకబడిన తరగతుల పిల్లలకు పీఎం యశస్వి యను పథకము క్రింద బోధనారుసుమే గాక నెలకు 3,000 బసకు భోజనమునకు, ఏటికి 5,000 పుస్తకములకు, కంప్యూటరునకు 45,000 వరకు ఇచ్చెదరు. మన తీరమునుండి అట్టి సంస్థకు పోయినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అది మరియొక యుపన్యాసము.

ఇన్ని యుండగా మన పిల్లలు ఏల నిలిచిపోవుచున్నారు? పంచాంగము చూడుడు. తూర్పు తీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు వేటనిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది, నిషేధమును మేము తప్పుపట్టము. ఇంటరు ఫలితములు వచ్చుట, ఎంట్రన్సు పరీక్షలు జరుగుట, కౌన్సెలింగునకు సొమ్ము కట్టుట, హాస్టలులో చేర్చుట - ఈ ఖర్చులన్నియు సరిగా పడవలు ఒడ్డునున్న ఆ రెండు మాసములలోను, దాని వెనువెంటను వచ్చిపడుచున్నవి. ప్రభుత్వమిచ్చు నిషేధకాలపు భృతిని 2025లో 20,000కు పెంచిరి, సంతోషము. అది ఇంటి బియ్యమునకే గాని కళాశాలకు మిగులదు. విద్యార్థివేతనపు సొమ్మో, పెండ్లికూతురు మేనమామవలె అందరు వచ్చిన పిదప వచ్చును. ఈ నడిమి కాలమున తండ్రి ఎక్కడికి పోవును? చేపల వ్యాపారి యొద్దకు.

మేము చెప్పిన ఆ బాలికయే ఇంటరులో మంచి మార్కులతో గెలిచి కాకినాడలో ఇంజనీరింగు స్థానము సంపాదించినది. బోధనారుసుము ప్రభుత్వమిచ్చును. కాని హాస్టలు బయానా, బట్టలు, పుస్తకములు, ప్రవేశపు చిల్లర ఖర్చులు కలిసి 40,000 రూపాయలు వారము లోపల కావలసివచ్చెను. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. నెలకు 1,200, ఏడాదికి 14,400. అనగా ప్రతిభకు ప్రభుత్వమిచ్చు 12,000 కంటె ఆ తండ్రి కట్టిన వడ్డీ హెచ్చు! అంతటితో పోలేదు. బాకీ తీరువరకు పట్టిన చేప ఆ వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే వేయవలయును. ఆ నష్టమును లెక్కకట్టుట మా శక్యము గాదు. ఆనాడు మేము అక్షరము దిద్దించియున్నచో నాలుగేండ్లలో చేరిన 48,000 ఆ పిల్ల ఖాతాలో ఉండియుండెడిది. ఆ అప్పే పుట్టియుండదు.

మన జిల్లాకు 2022లో ఎవరి పేరు పెట్టిరో ఆ మహనీయుని చరిత్రమే చూడుడు. అంబేద్కరుగారు 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడుగారి విద్యార్థివేతనముతో అమెరికాకు పోయి కొలంబియా విశ్వవిద్యాలయమున చదివిరి. పిదప లండను చేరిరి. వేతనపు గడువు ముగియగా 1917లో చదువు సగములో వదలి తిరిగి రావలసివచ్చెను. కొంత కూడబెట్టి, కొంత అప్పుచేసి, కొల్హాపురపు షాహూ మహారాజుగారి సాయముతో 1920లో మరల పోయి ముగించిరి. అంతటి మేధకే సొమ్ము నడుమ నాగిన చదువు ఆగినది. ఇక 75 మార్కుల పిల్లవాని మాట చెప్పనేల?

దూరమేల, మన కోరంగి తీరమున పుట్టి, రంగూను పోయి, రేవులో కాయకష్టము చేసి, ధనమార్జించి, ఆ యాస్తిని విద్యాదిధర్మములకు వ్రాసియిచ్చిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు మనవారే గదా. కాకినాడ జగన్నాథపురమున ఆయన పేర పాఠశాల, కళాశాల వెలసినవి. విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రమునకును ఆయన పేరే యున్నది. ఆయన బ్రదికిన కాలమున మన తీరమున మార్కుల జాబితాలు చదివి శాలువలు కప్పు సభలు లేవు.

శాలువల మాట వచ్చినది గనుక కోపింపక వినుడు. నిన్న సాయంకాలము ఇదే వేదికపై ప్రథమశ్రేణి పిల్లలకు శాలువయు జ్ఞాపికయు నిచ్చి ఛాయాచిత్రములు తీయించితిమి. చూడముచ్చటగా నున్నది. సభ ముగిసిన పిదప ఒక బాలిక శాలువ మడతపెట్టుచు, దీనిని కొట్టువారు తిరిగి తీసికొందురా యని తోటిపిల్ల నడుగుట మా చెవిని బడినది. ఆ పిల్ల ఆక్షేపించుటకు అడుగలేదు. నిజముగానే తెలిసికొనగోరి అడిగినది.

కావున మా విన్నపమిది. మన విద్యానిధి ఇంతవరకు బహుమానముగా పంచబడుచున్నది. దానిని జూను మాసమున వడ్డీలేని చేబదులుగా ఈయవలయును. పిల్ల కౌన్సెలింగు కాగితము తెచ్చి చూపిన మూడుదినములలో 40,000 రూపాయలు చేతబెట్టవలయును. వేతనపు సొమ్ము వచ్చినప్పుడు వచ్చినంత తిరిగి కట్టుదురు. పదిమందికి నాలుగు లక్షలు. ఆ నాలుగు లక్షలే మరుసటి యేడు మరి పదిమందికి. కొందరు కట్టరని కోశాధికారిగారి భయము. కట్టనివారుందురు. పంచిన శాలువలలో ఎన్ని తిరిగివచ్చినవని మేము వారిని వినయముతో అడుగుచున్నాము. మార్కుల హద్దును 90 నుండి 70కి దించుడు. ట్యూషను చదివి 90 తెచ్చుకొన్న పట్టణపు పిల్లవానికంటె, తెల్లవారుజామున చేపలెండబెట్టి 72 తెచ్చుకొన్నవాని ప్రతిభ తక్కువయని చెప్పుటకు మా త్రాసు ఒప్పుకొనదు.

కాగితముల పని మేము చూచుకొందుము. ప్రతి ఆదివారము ఉదయము మా ఇంటి అరుగుమీద కూర్చుందుము. ఏడవ, ఎనిమిదవ తరగతుల పిల్లలను ఆధారు కార్డుతోడను, బడి ధ్రువపత్రముతోడను, బ్యాంకు పుస్తకముతోడను పంపుడు. అక్షరము అక్షరము సరిచూచి, తేడా యున్న ఆ వారములోనే మీసేవకో, తహసీలుదారు కచేరీకో వెంటబెట్టుకొని పోదుము. కుల, ఆదాయ ధ్రువపత్రములు వేసవికి ముందే సిద్ధపరుతము. సంక్రాంతి తరువాత చూతమను మాట ఇక మా నోట రాదు.

చివరకొక మనవి. మా పింఛనులో మిగిల్చిన 48,000 రూపాయలు కోశాధికారిగారికి నేటి ఉదయము ముట్టజెప్పితిమి. ఆయన రసీదు పుస్తకము తెరచి విరాళము పద్దున వ్రాయబోయిరి. మేము వలదని, బాకీ తీర్పు అని వ్రాయించితిమి. ఎవరి బాకీయని ఆయన అడిగిరి. ఆ పిల్ల ఇంటిపేరు, పేరు ఆధారులో నున్నట్లే, ఒక్క యక్షరము పోకుండ చెప్పితిమి.